వేళ తప్పని ఇల్లు

మగ్గం ఉన్న ఇంట్లో పిల్లి ఉండటం మా బండారులంకలో కొత్త కాదు. గంజి పట్టించిన పడుగంటే ఎలుకలకు ప్రాణం. ఒక్క రాత్రి కొరికాయంటే తెల్లారి తెగిన పోగులు ముడేసుకుంటూ కూర్చోవాల్సిందే. అందుకే పిల్లి కనపడితే ఇంత పాలన్నం పెట్టి మచ్చిక చేసుకుంటారు. ఎలుకను పట్టలేని పిల్లి సంగతి వేరు. పట్టలేకపోగా రెండు పూటలా దానికి సూది కూడా వేయాలంటే చాలామందికి నమ్మబుద్ధి కాదు.

మా బుజ్జిగాడు అలాంటివాడే. రాజమండ్రిలో కొందరు కుర్రాళ్లు సొంత డబ్బుతో నడిపే చిన్న ఆశ్రయంలో ఉండేవాడు. అక్కడికి సాయానికి వెళ్లే మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మా, వీడికి షుగరు. ఎవరూ తీసుకెళ్లట్లేదు" అంది. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్ కానీ, విశాఖలో 1996 నుంచి ఉన్న వీఎస్‌పీసీఏ అనే మూగజీవాల సంస్థ కానీ, ఇలాంటి చిన్న చోటు కానీ, పెంచుకోవడానికని వచ్చేవాళ్ల కళ్లు ముందు ఆడుకునే కూనల మీదే పడతాయి. ముసలివీ జబ్బువీ వెనక మిగిలిపోతాయి. అందులో ఎవరినీ తప్పుపట్టలేం. కానీ అన్ని పిల్లులు ఒకే పళ్లెం చుట్టూ మూగే చోట ఏది తిందో, ఏది మానేసిందో కనిపెట్టడం ఎంత కష్టం! షుగరు పిల్లికి ప్రాణం మీదికొచ్చేది సరిగ్గా అక్కడే.

బుట్టలో నుంచి దిగిన రోజున వాడి నడక చూసి నాకు కడుపులో దేవినట్టయింది. మామూలుగా పిల్లి వేళ్ల మీద నడుస్తుంది. వీడు వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి, ఈడ్చుకుంటూ నడిచాడు. షుగరు ముదిరి నరాలు దెబ్బతింటే అలా కుంగిపోతాయని డాక్టరుగారు చెప్పారు. నీళ్ల గిన్నె దగ్గర చేరితే ఓ పట్టాన లేచేవాడు కాదు. ఎంత తిన్నా వీపు ఎముక చేతికి తగిలేది.

ఆయన రాసిన మందు గ్లార్జిన్ ఇన్సులిన్. పన్నెండు గంటలకోసారి, అంటే మాకు పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ. ముందు తిండి, తర్వాత సూది. తినకపోతే మామూలు మోతాదు వేయకూడదు, డాక్టరును అడగాలి. పిల్లి ఉన్నట్టుండి తూలినా, వణికినా షుగరు పడిపోయిందేమోనని వెంటనే చిగుళ్లకు తేనె రాసి ఆసుపత్రికి పరిగెత్తాలి. పాలన్నం, పెరుగన్నం పూర్తిగా బంద్. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి, ఆ ఒంటికి పిండిపదార్థం బరువు. చెవి అంచున సన్నగా కనిపించే నరం దగ్గర చిన్న పోటు పొడిచి ఒక్క బొట్టు తీసి గ్లూకోమీటరుకు అందించడం మాత్రం నాకు తొందరగా రాలేదు. చెవిని కాసేపు అరచేతిలో పెట్టుకుని వెచ్చబెడితే బొట్టు తేలిగ్గా వస్తుందని తర్వాత తెలిసింది.

"మనుషుల మందు పిల్లికి వేస్తారేంటండీ, పాపం కదూ" అని అడిగినవాళ్లకు నేను టొరంటో కథ చెప్పేదాన్ని. 1921లో అక్కడ బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు ఇన్సులిన్‌ను పట్టుకున్నది కుక్కల మీద చేసిన ప్రయోగాల్లోనే. క్లోమం తీసేసిన మార్జోరీ అనే కుక్క ఆ మందుతోనే వారాల తరబడి బతికింది. 1922 జనవరిలో లియొనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లాడికి వేసింది ఆ తర్వాతే. పిల్లి ఇన్సులిన్‌కూ ఆవు ఇన్సులిన్‌కూ తేడా ఒక్క అమైనో ఆమ్లం. మూగజీవాల ప్రాణాలు పెట్టి సంపాదించుకున్న మందును తిరిగి ఒక మూగజీవానికి వేస్తే పాపమెలా అవుతుంది?

నెలలు గడిచేసరికి మడమలు లేచాయి. గోడ మీదికి దూకలేడు కానీ అరుగెక్కేవాడు.

ఇంతలో బెంగళూరులో మా అమ్మాయికి పురిటి రోజులు దగ్గరపడ్డాయి. నేను వెళ్లి తీరాలి, ఎన్నాళ్లుండాలో తెలియదు. అంత దూరం తీసుకెళ్తే బెదురుకే పిల్లికి షుగరు పెరుగుతుంది. అదీకాక పురిటి బిడ్డ ఉన్న అపార్ట్‌మెంటులో ఆరింటికి ఠంచనుగా దీని పని చూడగలనన్న నమ్మకం నాకు లేదు. వాడికి మరో ఇల్లు వెతకాలి. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కానీ, ఇలాంటివాణ్ని ఊరికే ఏడిళ్లు తిప్పలేం.

జాలిపడేవాళ్లకు మా వైపు కొదవ లేదు. అమలాపురంలో ఉద్యోగం చేసే ఒక అబ్బాయి వచ్చాడు. పిల్లులంటే ప్రాణం. కానీ పొద్దున్న వెళ్లినవాడు ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. పెద్ద ఇల్లున్న మా బంధువులొకరు, "మేం ఇంతమందిమి ఉన్నాం, ఎవరో ఒకరు వేస్తాంలెండి" అన్నారు. ఎవరో ఒకరు చేసే పని చివరికి ఎవరూ చేయరు. నేను ఒప్పుకోలేదు, వాళ్లు నొచ్చుకున్నారు కూడా. ఇంకొకాయన మేలు చెబుతున్నట్టే, గోనెసంచిలో పెట్టి కాలవ అవతల వదిలేయమన్నాడు. ఆకలిదప్పులతో మాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. ఆ మాట చెప్పి పంపేశాను.

నాలుగు ఇళ్ల అవతల ఓ నేత దంపతులున్నారు. ఆయన గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు, ఆవిడ పక్కనే కూర్చుని కండెలు చుడుతుంది. పిల్లలు బయట ఊళ్లలో ఉన్నారు. ఆవిడకూ షుగరే, ఇన్సులిన్ తనే వేసుకుంటుంది. నా మాటలన్నీ విని ఖర్చెంతని అడగలేదు, కరుస్తుందా అని అడగలేదు. "తినకపోతే ఏం చేయాలండి?" అంది. అదివరకు ఎవరి నోటా రాని ప్రశ్న అది. నా మనసు అప్పుడే కుదుటపడింది. ఆ ఇంట్లో తిండికీ సూదికీ ఇదివరకే ఒక వేళ ఉంది. పగలంతా మనుషులుంటారు. పిల్లి తూలితే నాడె ఆగుతుంది.

జాలి ఎంత మంచిదైనా అలిసిపోతుంది. రోజుకు రెండుసార్లు, వానొచ్చినా పండగొచ్చినా, ఇంట్లో చావైనా పెళ్లయినా చేయాల్సిన పనికి జాలి ఒక్కటే చాలదు. ఇది నాకు బుజ్జిగాడి వల్ల తెలిసింది.

అప్పగించే ముందు ఆవిడ మా ఇంటికొచ్చి నా ఎదుటే సూది వేయడం నేర్చుకుంది. వాడు తింటూ ఉండగా మెడ వెనక చర్మాన్ని రెండు వేళ్లతో గుడారంలా పైకెత్తి, ఆ కింద గుచ్చాలి. పోగు ఎక్కడ తెగిందో తడిమి కనిపెట్టే చేతులు కదా, చెయ్యి వణకలేదు. నన్ను భయపెట్టింది సిరంజి. ఆవిడది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్, దాని సిరంజికి ఎర్ర మూత. పిల్లిది 100 యూనిట్లది, దానికి నారింజ రంగు మూత. పిల్లి మందును పొరపాటున ఎర్ర మూత సిరంజితో లాగి అదే గీత దాకా నింపితే రెండున్నర రెట్లు ఎక్కువ పడుతుంది. ఆ చిన్న ఒంటికి అది ప్రాణాంతకం. ఈ సంగతి చెప్పగానే ఆవిడ లేచి ఇంటికెళ్లి, పచ్చ నూలు పోగు తెచ్చి పిల్లి సిరంజిల ప్యాకెట్టుకీ సీసా డబ్బాకీ కట్టేసింది. "ఇంక పొరబడనండి, ఆయ్" అంది. తుపాను రోజుల్లో కరెంటు పోతే సీసాను ఎలా కాపాడాలో నేను చెప్పక్కర్లేకపోయింది. తడి ఇసుకలో కుదిర్చిన చిన్న మట్టికుండ ఆ ఇంట్లో ముందే ఉంది.

వాడి మందూ టెస్టు పట్టీలూ నేనే కొనిస్తున్నాను. చేనేతలో వచ్చే కూలి ఎంతో ఊళ్లో అందరికీ తెలుసు. జబ్బు జీవిని ఉచితంగా ఇచ్చాం కదా అని చేతులు దులుపుకుంటే ఆ బరువు అవతలివాళ్ల నెత్తిన పడుతుంది. ఎప్పుడు కుదరకపోయినా వెనక్కి ఇచ్చేయమని, అందులో మొహమాటం అక్కర్లేదని దంపతులిద్దరి ముందూ చెప్పాను. ఆ మాట విన్నాకే ఆయన కూడా సరేనన్నాడు.

ఇప్పుడు బుజ్జిగాడు ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఎలుకల్ని పట్టడు. ఇన్సులిన్ మోతాదును డాక్టరుగారు తగ్గించారు. మందూ తిండీ వేళకు పడితే కొన్ని పిల్లులకు సూది అవసరమే పోతుంది. వీడికి అలా అవుతుందో లేదో చూడాలి.

మీ ఇంటి పిల్లి ఉన్నట్టుండి గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతున్నా, బాగా తింటూనే చిక్కిపోతున్నా డాక్టరుకు చూపించండి. జబ్బు పిల్లిని ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే దాని జబ్బు దాచకండి. తీసుకునేవాళ్ల రోజు ఎలా గడుస్తుందో అడిగి తెలుసుకుని, పని నేర్పి, అప్పుడు ఇవ్వండి.