సింగిల్స్ వదిలిన ఏడు

ఇక సింగిల్స్ ఆడనని టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా 2013లో చెప్పినప్పుడు, మరిపెడ బంగ్లా సెంటర్‌లో చాయ్ తాగుతున్నవాళ్లు "పాపం, అయిపోయింది" అన్నారు. ఆ జాలి నాకు రుచించలేదు. కాదనడానికి నా దగ్గర మాటా లేదు.

2005లో సొంత ఊరు హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. అంతకు ముందు ఏ భారత మహిళా గెలవనిది అది. 2007లో 27వ ర్యాంకు. ఆ పైన మోకాళ్లకు, మణికట్టుకు శస్త్రచికిత్సలు. బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు నొప్పితో మ్యాచ్ మధ్యలోనే తప్పుకుంది. అంత దూరం వచ్చి, ఇక డబుల్స్ చాలని సగం కోర్టుతో సరిపెట్టుకోవడమేమిటి?

ఇంచుమించు అప్పుడే మా నాయిన చెల్క కౌలుకిచ్చాడు. పత్తి చేన్లో వంగి లేవడం ఆయన మోకాళ్ల వల్ల కాలేదు. ఇల్లంతా చిన్నబోయింది. ఆయన మాత్రం వానకాలం రాగానే ఇంటి వెనక మళ్లు కట్టి మిరప నారు పోశాడు. గింజలు పల్చగా చల్లి, పైన మెత్తటి ఎరువు కప్పి, గడ్డి పరిచి, పొద్దున్నా సాయంత్రం చేత్తో నీళ్లు చిలకరించేవాడు. ఎందుకీ తిప్పలు అంటే, "మోకాళ్లు వంగుతలేవు గానీ చేతులకేమైంది బిడ్డా?" అన్నాడు. ఆ నారు కోసం పక్క తండాల నుంచి రైతులు వచ్చేవారు.

అయినా నాకు అనుమానం తీరలేదు. గతిలేక ఒప్పుకున్నదానికి మనం తెలివని పేరు పెడుతున్నామేమో.

2015 జులైలో వింబుల్డన్ డబుల్స్ ఫైనల్ చూశాను. ప్రత్యర్థులు మకరోవా, వెస్నినా మూడో సెట్‌లో 5-2 ఆధిక్యంలో ఉన్నారు. ఇటు నెట్ దగ్గర జోడీ మార్టినా హింగిస్, వెనక సానియా ఫోర్‌హ్యాండ్. సింగిల్స్‌లో పేరు తెచ్చిన దెబ్బే అది, ఎక్కడా పదును తగ్గలేదు. మైదానమంతా ఒక్కతే పరుగెత్తే భారం మాత్రమే ఆమె దించుకుంది. 7-5తో సెట్టూ, కప్పూ సానియా జోడీవే. అప్పటికే ఆమె డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్.

గతిలేకపోవడం నిజమే కావచ్చు. కానీ ఏది పోయిందో, ఏది మిగిలిందో విడివిడిగా చూడగలగడం గతిలేనితనం కాదు. అందుకు చాలా నిబ్బరం కావాలి. నొప్పిలో ఉన్నప్పుడు మనకు అంతా పోయినట్టే తోస్తుంది కదా. కొడుకు పుట్టాక సానియా 2020లో హోబర్ట్‌లో మళ్లీ టైటిల్ గెలిచిందన్న వార్త చదివి, నాయినకు వినిపించాను. "గా పిల్ల ఎరుక నాకు" అని, ఆ ఏడు నారు మళ్లు ఇంకో రెండు పెంచాలని చెప్పాడు.