ఇది గోడా, సెట్టా?

కిందటి దసరా సేల్‌లో 55 అంగుళాల టీవీ కొన్నాను. కొన్నది పెద్ద విశేషమేం కాదు, మనలాంటి వాళ్ళం బోనస్ పడగానే చేసే మొదటి పని అదే కదా. అసలు కథ ఆ టీవీని గోడకి బిగించడం దగ్గర మొదలైంది.

ముందు నా గురించి ఒక నిజం చెప్పాలి. నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్. అవును, రోజంతా జావా రాసుకునే నేను నాలుగేళ్ళు కాంక్రీటు, ఇటుకలు, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చదివాను. ఆ చివరి సబ్జెక్టులో నాకు 78 మార్కులు. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చింది, వెళ్ళిపోయాను. సిమెంటు బస్తా ఎత్తింది మాత్రం ఒక్కసారే, అదీ ల్యాబ్ ఎగ్జామ్‌లో.

మా నాన్నేమో ఎనిమిదో తరగతితో ఆపేశాడు. ఆయన సినిమా సెట్ల కార్పెంటరు. తెనాలి నుంచి కుర్రతనంలోనే మద్రాసు వెళ్ళి కోడంబాక్కంలో పని నేర్చుకున్నాడు. తెలుగు సినిమా ఒక్కో స్టూడియోగా హైదరాబాద్‌కి తరలి వస్తుంటే, పనితో పాటే 1992లో ఇక్కడికొచ్చాడు. నా చిన్నతనమంతా కృష్ణానగర్లో రెండు గదుల ఇల్లు. నాన్న పొద్దున్నే ఏ స్టూడియోకో వెళ్ళి రాత్రికి తలనిండా రంపపు పొట్టుతో వచ్చేవాడు. ఇప్పుడాయనకి 64. చేతులు వణుకుతున్నాయి, పని మానేసి నాలుగేళ్ళయింది. నా జీతం పుణ్యమా అని ఫిల్మ్ నగర్లో ఒక అద్దె ఫ్లాట్‌కి మారాం. బాల్కనీలోంచి చూస్తే ఎదురుగా ఏనుగంత బండరాయి. ఈ జూబ్లీ హిల్స్ గుట్టల గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. టీవీని దానికి బిగించుంటే ఏ గొడవా ఉండేది కాదు :)

సరే, అసలు విషయానికొస్తాను.

బిగించడానికి టెక్నీషియన్ వచ్చాడు. కుర్రాడు, చేతిలో డ్రిల్లింగ్ మెషీను, చెవిలో ఇయర్‌ఫోను. హాల్లో ఏ గోడ అని అడిగాడు. డైనింగ్ టేబుల్ దగ్గరికి కూడా తిరగాలి కాబట్టి నేను చెయ్యిలా ముందుకి సాగే స్టాండు కొని పెట్టుకున్నాను. సోఫాకి ఎదురుగా ఉన్న గోడ చూపించాను. అప్పుడు నాన్న లేచొచ్చాడు. గోడని వేళ్ళ కణుపులతో టక్ టక్ మని కొట్టాడు. రెండడుగులు జరిగి మళ్ళీ కొట్టాడు. చెవి ఆనించి విన్నాడు.

"ఇది గోడ కాదురా. సెట్టు," అన్నాడు.

కుర్రాడు నవ్వాడు. "ఏం గాదంకుల్. రోజుకి పది టీవీలు బిగిస్త. ప్లగ్గులు ఏసి స్క్రూ కొడ్తే ఏనుగు ఏలాడినా ఊడది."

నాన్న నా వైపు చూశాడు. ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "నాన్నా, వాళ్ళకి ట్రైనింగ్ ఇస్తారు. నువ్వు కూర్చో," అన్నాను. మాట మెత్తగానే అన్నాను, కానీ ఒక బయటివాడి ముందు అన్నాను. ఆయన ఏమీ అనకుండా వెళ్ళి కూర్చున్నాడు. డ్రిల్లు గోడలోకి దిగినప్పుడు తెల్లటి మెత్తని పొడి రాలింది. అర అంగుళం దిగగానే బిట్టు ఒక్కసారిగా లోపలికి జారిపోయింది. సివిల్ ఇంజనీరుని కదా, ఆ రెండూ నా కళ్ళ ముందే జరిగాయి. నేనేమో ఫోన్లో స్టాండప్ కాల్ మ్యూట్‌లో పెట్టుకుని వింటున్నాను.

టీవీ వేలాడింది. బ్రహ్మాండంగా ఉంది. ఎనిమిది రోజులు అలాగే ఉంది కూడా.

తొమ్మిదో రాత్రి ప్రొడక్షన్‌లో ఏదో పగిలింది, రెండింటి దాకా కాల్. నేను డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని, స్టాండుని పూర్తిగా బయటికి లాగి, టీవీని నా వైపు తిప్పుకుని, సౌండు లేకుండా పాత మ్యాచ్ ఏదో పెట్టుకున్నాను. కాల్ అయ్యాక లైటార్పి, స్టాండుని లోపలికి నెట్టకుండానే పడుకున్నాను.

పొద్దున్న లేచి హాల్లోకొస్తే ఒక వింత దృశ్యం. టీవీ ముందుకి వాలి ఉంది. పైనున్న రెండు స్క్రూలూ ప్లగ్గులతో సహా వేలి మందం బయటికొచ్చేశాయి. టీవీ కింద డైనింగ్ టేబుల్, దాని మీద రెండు దిండ్లు. వెనక నుంచి కాదు, ముందు నుంచి ఏటవాలుగా ఒక కర్ర. అమ్మ బట్టలారేసుకునే వెదురు కర్ర. దాని ఒక కొసకి తువ్వాలు చుట్టి టీవీ ఫ్రేముకి ఆనించి ఉంది, రెండో కొస సోఫా కాలికి తన్ని ఉంది. పక్కనే కుర్చీలో నాన్న.

"మీ నాన్న నాలుగింటి నుంచీ అక్కడే కూర్చున్నాడు," అంది అమ్మ వంటింట్లోంచి.

"లేపొచ్చుగా నాన్నా!"

"రెండింటి దాకా పని చేసుకున్నావుగా. ఊత పెట్టాను, ఇంకెక్కడికి పోద్ది?"

అప్పుడర్థమైంది నాకు. ఆయన జీవితమంతా చేసింది అదే. సినిమా సెట్లో గోడంటే చెక్క చట్రానికి కొట్టిన ప్లైవుడ్డు పలక, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్, రంగు. ఇంగ్లీషులో సెట్లవాళ్ళు అలాంటి పలకని 'ఫ్లాట్' అంటారు. అది తనంతట తాను నిలబడదు. వెనక నుంచి ఏటవాలు కర్రలు, కింద ఇసుక మూటలు, అవే దాన్ని నిలబెట్టేవి. కెమెరాకి ముందువైపే కనపడుతుంది. నాన్నకి తెలిసింది వెనకవైపు. అంటే మా కథలో ఫ్లాట్లు మూడన్నమాట. మేముండే ఫ్లాటు, గోడకెక్కిన ఫ్లాట్ టీవీ, ఆ గోడే ఒక ఫ్లాటు!

ఓనరుకి ఫోన్ చేస్తే విషయం బయటపడింది. ఒకప్పుడు అది పెద్ద హాలు. అద్దె ఎక్కువొస్తుందని మధ్యలో జిప్సం బోర్డు పార్టిషన్ కొట్టించి ఇంకో బెడ్‌రూమ్ తీశాడట. పల్చటి ఇనప చట్రం, అటూ ఇటూ 12.5 మిల్లీమీటర్ల బోర్డు, మధ్యలో గాలి.

ఆ రోజు సెలవు పెట్టి, కాలేజీ వదిలాక మొదటిసారి లెక్క వేశాను. స్టాండు తీసేస్తే టీవీ బరువు 15 కిలోలు. పై స్క్రూకీ కింది స్క్రూకీ మధ్య 20 సెంటీమీటర్లు. టీవీని గోడకి దగ్గరగా, 5 సెంటీమీటర్ల దూరంలో పెడితే పై స్క్రూలని బయటికి లాగే బలం 15 × 5 ÷ 20, అంటే నాలుగు కిలోలు కూడా లేదు. అదే చెయ్యి సాచి 40 సెంటీమీటర్లు ముందుకి లాగితే? 15 × 40 ÷ 20, అంటే 30 కిలోలు. టీవీ అదే, స్క్రూలు అవే, లాగే బలం మాత్రం ఎనిమిది రెట్లు. ఇటుకలో దిగిన ప్లగ్గు దీన్ని హాయిగా మోస్తుంది. అర అంగుళం సుద్దలో దిగిన ప్లగ్గు ఎంతసేపు మోస్తుంది? స్టాండు లోపల ఉన్నంతకాలం ఎనిమిది రోజులు మోసింది. నేను బయటికి లాగి వదిలేసిన రాత్రే ఊడింది. కుర్రాడి తప్పు కొంత, నా తప్పు చాలా. నాకొచ్చిన 78 మార్కుల్లో ఈ లెక్క కూడా ఉంది మరి.

నాన్నకి ఈ లెక్క చూపించాను. కాగితం వైపు చూసి, "చెయ్యి సాచి చెంబు పట్టుకో, ఎంతసేపు పట్టుకుంటావో చూడు. దీనికి కాగితమెందుకు?" అన్నాడు.

ఆదివారం ఇద్దరం కలిసి బిగించాం. కృష్ణానగర్లో హార్డ్‌వేర్ షాపు నుంచి హ్యామర్ డ్రిల్లు అద్దెకి తెచ్చాను. నాన్న మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగి రసమట్టం తీశాడు. చెక్కది, పట్టుకుని పట్టుకుని నున్నగా అరిగిపోయింది.

ముందు గోడ ఎంపిక. ఒక్కో గోడా కొట్టి చూపించాడు. పార్టిషన్ 'డబ్ డబ్' అంటుంది, బయటి గోడ అసలు పలకదు, వేలికే నొప్పి. "పలికే గోడ మొయ్యదు" అన్నాడు. తర్వాత స్విచ్‌బోర్డు ఎక్కడుందో చూడమన్నాడు. వైర్ల పైపులు బోర్డు నుంచి నిలువుగానో అడ్డంగానో పోతాయి కాబట్టి దానికి సరిగ్గా పైనా కిందా, పక్కన అదే ఎత్తులోనూ బెజ్జం పెట్టకూడదు.

తర్వాత ఎత్తు. టెక్నీషియన్ ఐదడుగుల పైన పెట్టాడు, గుళ్ళో పటంలాగా. నాన్న నన్ను సోఫాలో కూర్చోబెట్టి, నా కంటి నుంచి గోడ దాకా దారం లాగాడు. "కెమెరా ఎక్కడ పెడతారో తెలిస్తేగానీ సెట్టుకి కిటికీ ఎంత ఎత్తులో కొట్టాలో తెలీదు. ఇక్కడ నీ కన్నే కెమెరా," అన్నాడు. నేల నుంచి 42 అంగుళాలొచ్చింది. మా టీవీ తెర ఎత్తు 27 అంగుళాలు, కాబట్టి కింది అంచు 28 అంగుళాల దగ్గర. ఇదంతా ఇంటర్నెట్‌లోనూ ఉంది. టీవీ మధ్యభాగం కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఉండాలని అందరూ రాస్తారు. కానీ దారం లాగి చూపించినవాళ్ళు లేరు.

గుర్తు పెట్టేటప్పుడు పెన్సిల్ వణికింది. ఆయన ఒక క్షణం ఆగి, "చుక్క నేను పెడతా. గీత నువ్వు గియ్యి," అన్నాడు. గీశాను. రసమట్టంలో బుడగ మధ్యకొచ్చేదాకా మూడుసార్లు చెరిపించాడు. మా టీమ్ లీడ్ కూడా నా కోడ్‌ని అన్నిసార్లు తిప్పి పంపలేదు.

డ్రిల్లు పెట్టగానే ఎర్రటి పొడి రాలింది. "ఇటుక," అన్నాడు తృప్తిగా. ఎరుపు ఇటుక, బూడిద రంగైతే సిమెంటు, తెల్లగా మెత్తగా రాలితే ఆపేసి ఇంటికి పో. అదీ ఆయన సిలబస్. బిట్టు సరిగ్గా ప్లగ్గు మందమే ఉండాలి, బెజ్జంలో పొడి ఊదెయ్యాలి, ప్లగ్గు సుత్తితో కొడితేగానీ దిగకూడదు. వేలితో నెడితే దిగిన ప్లగ్గు వేలితో లాగితే వచ్చేస్తుందట. సాగే స్టాండు పక్కన పెట్టి గోడకి ఆనుకునే మామూలుది బిగించాం. డైనింగ్ టేబుల్ దగ్గర నుంచి టీవీ కనపడదు. "అన్నం తినేటప్పుడు అన్నం చూడు," అంది అమ్మ.

ఇంతకీ నేనెందుకిది రాస్తున్నానంటే, ఆ రోజు నుంచీ ఒక ప్రశ్న నన్ను వదలట్లేదు. నాన్న గోడ కొట్టి చెప్పిన మాట నేనెందుకు నమ్మలేదు? అదే మాట ఒక యాప్‌లో బుక్ చేసిన కన్సల్టెంట్ 999 రూపాయలు తీసుకుని చెప్పుంటే నమ్మేవాణ్ణి. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు అడుగుతూ సమ్మె చేసినప్పుడు షూటింగులన్నీ ఆగిపోయాయి. మా ఆఫీసులో ఒకతను, "మేకులు కొట్టేవాళ్ళకి అంత ఎందుకు" అన్నాడు. నేనా రోజు ఏమీ అనలేదు. నా ఫీజులన్నీ ఆ మేకుల నుంచే వచ్చాయని తెలిసి కూడా అనలేదు. టెక్నీషియన్ ముందు నాన్నని కూర్చోమన్నది కూడా ఆ మౌనమే అనుకుంటా.

క్షమించమని నేను ఆయన్ని అడగలేదు. మా ఇంట్లో అలాంటివి అడిగే అలవాటు లేదు. డ్రిల్లు తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఆయన్ని బండి మీద కూడా తీసుకెళ్ళాను. షాపువాడు "ఎవరు బిగించారు?" అంటే "మా నాన్న" అన్నాను. ఆయన వెంటనే "కాదు, మావాడే. ఇంజనీరు," అన్నాడు.

ఆ సాయంత్రం టీవీలో 'ఒక్కడు' వస్తోంది. 2003 నాటి సినిమా. 1591లో కట్టిన చార్మినార్ ఊళ్ళోనే ఉండగా, ఆ రద్దీలో షూటింగ్ కుదరదని శివార్లలో చార్మినార్ సెట్టు వేసిన సినిమా. దానికి పనిచేసినవాళ్ళలో నాన్న ఒకడు. అప్పటిదాకా మా చిన్న టీవీలో నేను మహేష్ బాబునే చూశాను. పెద్ద తెర మీద మొదటిసారి ఆయన వెనకున్న గోడలు చూశాను.

"ఆ సందు మలుపు దగ్గర గోడ నాదే," అన్నాడు నాన్న. "ఎంత బాగా నిలబెట్టామో. అది వెనక నుంచి చూడాల్సిందిరా!"

"ముందు నుంచి అయినా చూడనివ్వండి, పక్కకి జరగండి," అంది అమ్మ.