తిథి తప్పని అతిథి

తిథి నియమం లేక వచ్చేవాడు అతిథి అని ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు వ్యుత్పత్తి చెప్పాను. తిథులు పెట్టుకొని వచ్చే అతిథి కూడా ఉంటుందని మా ఇంట పురుడు వచ్చినప్పుడే తెలిసింది.

తొలి కాన్పు పుట్టింట జరగడం మనలో అనేక కుటుంబాల ఆచారం. ఆ ఆచారానికి ప్రాణం తల్లి చేయి. మా అమ్మాయి పురిటికి వచ్చేనాటికి నా భార్య గతించి రెండేళ్ళు. వంట చేయగలను, మందులు తేగలను. కాని బాలింత పడే బాధలను గురించి కూతుర్ని అడగడానికి తండ్రికి నోరు రాదు.

కాన్పయిన మూడవనాడు, ఆసుపత్రి నుండి ఇల్లు చేరిన సాయంత్రమే ఆశా కార్యకర్త వచ్చింది. ఒకప్పుడు మా బడిలో చదువుకొన్న పిల్లే. "మాష్టారూ, మీరు కాసేపు వసారాలో కూర్చోండి" అని లోపలికి వెళ్ళింది. నేను అడగలేనివన్నీ ఆమె అడిగింది.

గ్రామాలకు ఆశా కార్యకర్తలు వచ్చింది 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా. 2011 నుండి పసిబిడ్డ ఉన్న ఇంటికి వెళ్ళి చూడడం వారి విధులలో చేరింది. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆరుసార్లు వస్తారు. ఇంటి కాన్పయితే మొదటిరోజుతో కలిపి ఏడుసార్లు.

ఆమె బిడ్డను తూచింది, జ్వరం చూసింది, ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి 60 గాని అంతకు మించి గాని శ్వాసలు ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగడం మానినా, ఒళ్ళు కాలినా చల్లబడినా, అరచేతులు అరికాళ్ళు పచ్చబడినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలని చెప్పింది. ఆ మాటలు కాగితం మీద రాసి గోడకు అంటించాను.

మా వదినగారు పెద్దతనంతో తేనె నాకించమన్నారు, బొడ్డుకు నూనె రాయమన్నారు, బాలింతకు నీళ్ళు తగ్గించమన్నారు. ఆ పిల్ల ఎదురాడలేదు. "పెద్దమ్మగారూ, మీ వెల్లుల్లికారం, కందిపొడి శుభ్రంగా పెట్టండి. పాలు పడాలంటే నీళ్ళూ, పప్పూ, ఆకుకూరా కూడా కావాలి. బిడ్డకు మాత్రం ఆరు నెలలూ తల్లిపాలు తప్ప చుక్క నీరైనా వద్దు. బొడ్డు పొడిగా ఉంటే చాలు" అంది. మా వదినగారు ఆమెకు కాఫీ ఇచ్చారు! ఆచారంలో ఆదరణను ఉంచి హానిని తీసివేయడం ఎలాగో ఆనాడు కళ్ళారా చూశాను.

అసలు కష్టం మూడవ వారంలో వచ్చింది. బిడ్డ నిద్రపోయినా అమ్మాయికి నిద్ర లేదు. కారణం లేని కన్నీరు. దిష్టి అన్నారు కొందరు, నాజూకుతనం అన్నారు మరికొందరు. 21వ నాటి రాకలో ఆశా అమ్మాయి చేయి పట్టుకొని, "మనసెలా ఉందక్కా?" అని అడిగింది. ఆ ప్రశ్న అంతవరకు ఎవరూ వేయలేదు. కాన్పయిన కొద్దిరోజులు కలిగే దిగులు సాధారణంగా రెండు వారాలలో సర్దుకొంటుందనీ, అంతకు మించి నిలిస్తే వైద్యునికి చూపాలనీ చెప్పి, తానే వెంటబెట్టుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళింది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సంఖ్య 14416 కూడా ఇచ్చింది. పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులోనే. వైద్యుని సలహాపై రాత్రి రెండు జాముల పాటు బిడ్డను నేను, అల్లుడు వంతులవారీగా చూసుకొన్నాము. పాలవేళకు మాత్రమే తల్లిని లేపేవాళ్ళం. క్రమంగా అమ్మాయి ముఖాన నవ్వు మొలిచింది.

42వ నాడు ఆశా చివరిసారి వచ్చినప్పుడు బిడ్డ టీకాల తేదీ చూసి, తల్లి ఇనుము మాత్రలు ఆరు నెలలు వాడాలని గుర్తుచేసి వెళ్ళింది.

మీ ఇంట పురుడు ఉంటే మీ వీధి ఆశా ఎవరో ముందే తెలుసుకొనండి. బిడ్డ ఎలా ఉందని అందరూ అడుగుతారు. తల్లి ఎలా ఉందని మీరు అడగండి.