నందికొండ జలాలు – నావ నేర్పే తవక్కుల్

హైదరాబాదు నుండి ఆగ్నేయంగా సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణిస్తే నల్గొండ జిల్లాలోని నందికొండ చేరుకుంటాము. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసింది ఇక్కడే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. రాతితో కట్టిన ఆ ఆనకట్ట వెనుక కృష్ణానది సముద్రంలా పరచుకున్నది. ఒకనాడు లోయలో నిలిచిన నాగార్జునకొండ నేడు ద్వీపం. తవ్వకాలలో బయల్పడిన ప్రాచీన కట్టడాలు కొన్నింటిని ఆ కొండపైకి తరలించి మళ్ళీ నిలబెట్టారు. ఎడ్లబండ్లు నడిచిన నేల మీదుగా ఇప్పుడు లాంచీలు సాగిపోతున్నాయి.

లాంచీ ఎక్కే తొందరలో యాత్రికులు ఒడ్డున బోర్లించిన పుట్టిని గమనించరు. మమ్మల్ని ఆకట్టుకున్నది అదే. వెదురు బద్దలను గుండ్రని పెద్ద బుట్టగా అల్లి, అంచును గట్టిగా బిగించి, అడుగున పట్టా పరచి తారు పూస్తారు. పూర్వం పట్టాకు బదులు తోలు వాడేవారు. ముందు, వెనుక అనే భేదం లేని ఈ పడవను ఒక్క తెడ్డుతో నడుపుతారు. జాలరి కుటుంబానికి అన్నం పెట్టేది అదే గనుక, పూత ఆరనిదే దానిని నీటిలోకి దించరు.

నదికి పుట్టి చాలును. సముద్రానికి మాత్రం పలకలు, తెరచాప కావాలి. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి ఆ పనికి పేరుపొందిన రేవు. 1839 నాటి పెనుతుఫాను దానిని చావుదెబ్బ కొట్టింది. అయినా పొరుగున ఉన్న తాళ్ళరేవు ప్రాంతంలో కొయ్య పడవలు కట్టే విద్య నిలిచి ఉన్నది. పలకలు బిగించాక సందులలో నూలు కూరి, నీరు చొరకుండా పూత పూయాలి. అంత చేసినా, దించిన మొదటి రోజున కొత్త పడవలోకి కొంత నీరు ఊరుతుంది. కొయ్య తడిసి ఉబ్బినకొద్దీ ఆ సందులు మూసుకుంటాయి. అందుకే పనితనం తెలిసినవారు బెదరక, నీరు తోడిపోస్తూ ఓపిక పడతారు. నీరు సోకుతుందన్న భయంతో ఏళ్ళ తరబడి ఒడ్డునే ఉంచిన పడవ ఎండకు పగుళ్ళు విచ్చుతుంది.

హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) నావ పలకలతో, మేకులతో కూడినదని సూరా ఖమర్ చెబుతుంది. దానిని నిర్మిస్తుండగా జాతి పెద్దలు ఎగతాళి చేశారనీ, ఎక్కేటప్పుడు అల్లాహ్ నామాన్ని స్మరించమని ఆయన తమవారికి చెప్పారనీ సూరా హూద్ తెలుపుతుంది. అల్లాహ్ తలచుకుంటే గాలిని నిలిపివేస్తాడనీ, అప్పుడు ఓడలు కదలక నిలిచిపోతాయనీ, ఇందులో సహనశీలురకు, కృతజ్ఞులకు సూచనలున్నాయనీ సూరా షూరా బోధిస్తుంది. తెరచాప కట్టడం మన వంతు. గాలి ఆయన అధీనం. ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించినది కూడా ఇదే.

పని ముగించకుండా బిస్మిల్లాహ్ పలికి నీటిలోకి దిగడం తవక్కుల్ కాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదం తెలుగువారు మరచిపోగలిగినది కాదు. నందికొండలో లాంచీ ఎక్కే ప్రతి కుటుంబం ముందుగా పిల్లలకు లైఫ్ జాకెట్ తొడిగి, ఆ తర్వాత దుఆ చదువుకోవాలి.

పని ముగించి కూడా ఒడ్డునే ఆగిపోవడం మరొక లోపం. మన ఇళ్ళలో చదువు, నడవడి నేర్పి తీర్చిదిద్దిన కొడుకులు, కూతుళ్ళు ఉన్నారు. లోకం ఏమి చేస్తుందోనన్న బెంగతో కొందరిని గడప దాటనివ్వము. తొలినాళ్ళలో వారి పడవలోనూ కొంత నీరు ఊరుతుంది. పక్కన నిలిచి తోడిపోయడం తల్లిదండ్రుల బాధ్యత. గమ్యం చేర్చేవాడు అల్లాహ్.