తునికాకు నుంచి విత్తనం దాకా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఎన్నో ఇళ్లు ఆడవాళ్లు చుట్టే బీడీల మీదే నడుస్తాయి. ఆ బీడీకి తునికాకు అడవి నుంచి రావాల్సిందే. ఎండాకాలం తెల్లవారకముందే అడవికి పోయి, ఆకు తెంపుకొచ్చి, 50 ఆకులకో కట్ట కట్టేవాళ్లలోనూ ఆడవాళ్లే ఎక్కువ. లేత చిగురు కోసం అడవికి నిప్పు పెడితే నేల మీది గూళ్లు, మొలకలు కాలిపోతాయి. ముందుగానే పొదలు నరికితే నిప్పు లేకుండానే మంచి ఆకు వస్తుంది. ఇది దగ్గరగా చూసేవాళ్ల మాటకు అడవి కాపలాలో విలువ ఉండి తీరాలి.

చట్టం కొంత దారి వేసింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద వచ్చిన 2004 నియమాలు స్థానిక కమిటీలకు నామినేట్ చేసే సభ్యుల్లో కనీసం మూడో వంతు మహిళలుండాలన్నాయి. ఊరి చెట్లు, చేపలు, విత్తనాల వివరాలు రిజిస్టర్‌లో ఎక్కించే పని ఈ కమిటీలదే. పేరు రాయించుకుని సంతకానికే పిలిస్తే ఆ మూడో వంతుకు అర్థం లేదు.

మహిళలు ఒకరికొకరు తోడైతే ఏం జరుగుతుందో జహీరాబాద్ ప్రాంతంలో కనిపిస్తుంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత మహిళా రైతులు జొన్న, కొర్ర, సామ విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాస్తారు, అడిగినవాళ్లకు ఇస్తారు. పాత పంటల జాతరలో ఆ విత్తనాలు ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరుగుతాయి. 2008లో మాచనూరులో వాళ్ల సంఘం రేడియో మొదలైంది. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది.