‘మిస్సమ్మ’లోని జంట

ఈ కాలమున చలనచిత్రములను గూర్చి వ్రాయువారు నాయికానాయకుల నడుమ ‘కెమిస్ట్రీ’ కుదిరినదనియో, కుదరలేదనియో తీర్పు చెప్పుచున్నారు. మాట క్రొత్తదే కాని భావము పాతది. మన పెద్దలు ‘జోడు కుదిరినది’ అనెడివారు. ఆ రసాయనమును తెలియుటకు కళాశాలకు పోనక్కఱ లేదు. పసుపు పచ్చనిది, సున్నము తెల్లనిది. రెండును నీట కలిసినచో ఎఱుపు పుట్టును. ఆ ఎఱ్ఱనీళ్లతోనే పెండ్లింట దిష్టి తీయుదురు. ఆ ఎఱుపు పసుపులో లేదు, సున్నములోను లేదు. నటీనటుల జోడును అట్టిదే యని మా అభిప్రాయము. ఇందులకు ‘మిస్సమ్మ’ చిత్రమును మించిన ఉదాహరణము మాకు కనబడలేదు.

విజయా సంస్థ పక్షమున నాగిరెడ్డి, చక్రపాణి గార్లు నిర్మింపగా, ఎల్. వి. ప్రసాద్ గారు దర్శకత్వము వహించిన యీ చిత్రము 1955 జనవరిలో విడుదలయ్యెను. కథ మన యిండ్లలో అందఱకును తెలిసినదే. అప్పాపురము జమీందారు గోపాలము గారి పాఠశాలకు పట్టభద్రులైన భార్యాభర్తలు ఉపాధ్యాయులుగా కావలెనని ప్రకటన వెలువడును. కొలువు లేని ఎం. టి. రావును, అప్పులవాని పీడ వదలించుకొనగోరు మేరీయు, ఆలుమగలమని నటించి ఆ ఉద్యోగములలో చేరుదురు. ఆయన హిందువు, ఆమె క్రైస్తవురాలు. చిన్ననాడు తప్పిపోయిన జమీందారు పెద్దకూతురు మహాలక్ష్మియే ఈ మేరీ.

ఇరువురును తుదకు నిజముగా ఆలుమగలగుదురని టిక్కెట్టు చింపకమునుపే ప్రేక్షకునికి తెలియును. అయినను జనులు మఱల మఱల చూచిరి. ఇందు వింత యేమియు లేదు. రామాయణ హరికథకు పోవువానికి రావణుడు చచ్చునని తెలియదా? ఏమి జరుగునో వినుటకు గాక, ఎట్లు చెప్పుదురో వినుటకే అతడు పోవుచున్నాడు.

మన పావగడ తాలూకావారికి ఇట్టి చిత్రములతో మఱియొక సంబంధము కలదు. మనకు మూడు ప్రక్కల ఆంధ్రదేశమే. ఇంట తెలుగు, బడిలో కన్నడము. కన్నడమున అక్షరములు దిద్ది, తెలుగు చక్కగా మాటలాడుచును చదువలేనివారు మనలో ఎందఱో కలరు. అట్టివారికి తెలుగు చెవిద్వారా నిలిచినది. హరికథయు నాటకమును ఆ పని చేసెను. వాని పిమ్మట సినిమా చేసెను. మేరీతో కలహించిన ఆ ఎం. టి. రావు, అనగా నందమూరి తారక రామారావు గారే, 1985లో మన పొరుగుననున్న హిందూపురమునుండి శాసనసభకు ఎన్నికైరి. కావున ఆయన మనకు తెరమీది బంధువే గాక ఇరుగుపొరుగువారు గూడ.

ఈ జోడు జాతకములు చూచి కుదిర్చినది కాదు. మేరీ పాత్రకు మొదట భానుమతి గారిని నియమించి కొన్ని దృశ్యములు చిత్రించిరి. పిదప వారు తొలగగా, చెల్లెలు సీత పాత్రకు ఎంపికయైన సావిత్రి గారికి మేరీ పాత్ర దక్కెను. సీత పాత్ర జమున గారిని వరించెను. కథయు మన సీమలో పుట్టినది కాదు. రవీంద్రనాథ్ మైత్రా గారి వంగనాటకము ‘మానమయీ గర్ల్స్ స్కూల్’ దీనికి మూలము. అది 1935లోనే వంగభాషలో చలనచిత్రమయ్యెను. 1955లోనే అరవమున ‘మిస్సియమ్మ’గా వచ్చినపుడు సావిత్రి గారికి జతగా జెమినీ గణేశన్ గారు నటించిరి. ఆయన నిజజీవితమున ఆమె భర్త. అనగా అచ్చట నిజమైన దంపతులు, దంపతులుగా నటించు పరాయివారిగా నటించిరి! 1957లో హిందీ ‘మిస్ మేరీ’యందు జెమినీ గణేశన్ గారి సరసన మీనాకుమారి గారు నిలిచిరి. కథ ఒక్కటే, దర్శకుడును ఒక్కరే. జంట మాఱినప్పుడెల్ల రంగు మాఱినది.

తెలుగు జంటలోని విశేషమేమి? మా దృష్టిలో అది వారి నడుమనున్న దూరము. సావిత్రి గారు మూడు విధములుగా కనబడవలెను: సహజముగా ముక్కోపి యగు మేరీ, జమీందారు దంపతుల యెదుట ఇల్లాలుగా నటించు మేరీ, మనసు కరుగుచున్నను ఒప్పుకొనని మేరీ. ఎస్. వి. రంగారావు గారు గదిలో అడుగిడగానే ఆమె ముఖమున కోపము చిఱునవ్వుగా మాఱు తీరు చూడదగినది. రామారావు గారు ఆ కోపమునకు ఎదురు కోపము చూపక ఓర్పుతో కవ్వింతురు. పింగళి నాగేంద్రరావు గారి పాటయొకటి, రాజేశ్వరరావు గారి బాణీలో, మొదట రావు నోట స్త్రీలకు బుద్ధి చెప్పుచు వినబడును. పిదప అదే బాణీ మేరీ నోట పురుషులపై బదులుగా తిరిగి వచ్చును. ఎ. ఎం. రాజా, పి. లీల గార్ల కంఠములు ఆ వాదమును తీయగా నడపినవి. మార్కస్ బార్‌ట్లే గారు పండించిన వెన్నెలలో ఇరువురును ఒకరిపైనొకరు చందమామతో మొఱపెట్టుకొందురే గాని, ఒకరి చేయి ఒకరు పట్టరు. ఒకే కప్పు క్రింద నున్నను రావు ఆమె గౌరవమునకు భంగము రానీయడు. ఆ మర్యాదయే ఆ యెఱుపునకు కారణమని మా నమ్మకము.

చిత్రమున లోపము లేకపోలేదు. మేరీ నిజముగనే క్రైస్తవ కుటుంబమున పుట్టియున్నచో రావు ఏమి చేసెడివాడు? జమీందారు గారు ఏమనెడివారు? జన్మరహస్యము బయటపడుటతో ఆ ప్రశ్న అడుగబడకయే మఱుగుపడినది. చిక్కు దానంతట అది వీడినది గాని యెవ్వరును విప్పలేదు. అందఱును మెచ్చు ముగింపునకు ఇట్టి వెల తప్పదు కాబోలు.

ఇక మా అనుభవమునుండి ఒక ముక్క. మేము గుమాస్తాగా పనిచేసిన ఒక కార్యాలయమునకు చాల యేండ్ల క్రిందట ఒక యువతి క్రొత్తగా ఉద్యోగమునకు వచ్చెను. ప్రక్క బల్లయొద్ద నుండు యువకుడు ఆమెకు లెక్కల పుస్తకము వ్రాయు పద్ధతి నేర్పుచుండెను. ఒకనాడు వారిరువురును దేనికో నవ్విరి. సాయంకాలమునకు జవాను మొదలు పై అధికారి వఱకు అందఱును వారికి పెండ్లి చేసివైచిరి. వారము తిరుగకమునుపే ఆ మాట ఆమె తండ్రి చెవిని పడెను. ఆమె బదిలీ కోరి వెడలిపోయెను. పని చక్కగా పట్టుబడుచున్న దినములవి. వారి నడుమ నున్నది స్నేహమో, ప్రేమయో, కేవలము లెక్కల పుస్తకమో మాకు నేటికిని తెలియదు. తెలిసికొనవలసిన అక్కఱయు ఎవ్వరికిని లేకుండెను. అట్లు చెవులు కొఱుకుకొన్నవారిలో ‘మిస్సమ్మ’ సంభాషణలు కంఠతా వచ్చినవారును ఉండిరి. తెరమీది జంటకు మూడు గంటలు ఓపిక పట్టగలవారు, ప్రక్క బల్లవారికి మూడు దినములైనను ఓపిక పట్టరైరి.

నేడు మన యిండ్ల ఆడుబిడ్డలు తుమకూరునకు, బెంగుళూరునకు ఉద్యోగములకై పోవుచున్నారు. వారు పురుషులతో సమానముగ కూర్చుండి పనిచేయుదురు, వాదింతురు, నవ్వుదురు గూడ. ఫోనులో ఒక పురుషుని కంఠము వినబడగానే తల్లిదండ్రులకు గుండె దడదడలాడుట సహజమే. ఆ సమయమున ఒకమాఱు ‘మిస్సమ్మ’ను తలచుకొనవలెనని మా మనవి. ఆ చిత్రము మనకు ప్రీతిపాత్రమైనది అందలి జంట పెండ్లాడుట వలన కాదు. పెండ్లాడుదురో లేదో తేలకమునుపు ఒకరినొకరు మనుష్యులుగా గౌరవించుకొనుట వలన. పిల్లలతో కూర్చుండి ఆ చిత్రమును మఱల చూడుడు. వారికి నాలుగు మంచి తెలుగు మాటలు చెవిని పడును. ఇక వారి జీవితకథ మాటకు వచ్చినచో, ముగింపు మనమే ముందుగా వ్రాసిపెట్టక, దానిని వారికే విడిచిపెట్టుదము.