ఆండీస్ కొండల్లో సైకిలు... గాలపాగోస్ దీవుల్లో తాబేలు!

‘రోబో’ (2010) చూసినవాళ్ళకి ఆ పాట గుర్తుండే వుంటుంది. పాత రాతిగోడల మధ్య, పచ్చటి శిఖరాల ముందు రజనీకాంత్, ఐశ్వర్యా రాయ్ ఆడిపాడతారు. పాటలో వినిపించేది ఆఫ్రికాలోని కిలిమంజారో పేరు. తీసింది మాత్రం దక్షిణ అమెరికాలో, పెరూ దేశపు మచుపిచ్చులో! సినిమా వాళ్ళకి భూగోళంతో అట్టే పట్టింపు వుండదు గనక సరిపోయింది. ఆ శిఖరాలు ఆండీస్ పర్వతాలవి. అదే వరస ఉత్తరానికి సాగి, ఈక్వెడార్ అనే దేశాన్ని నిలువునా రెండుగా చీలుస్తూ పోతుంది. మేం సైకిళ్ళు తొక్కింది అక్కడ.

మేం అంటే పధ్నాలుగు మందిమి. నాలుగైదు దేశాల వాళ్ళం. తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. అందరికంటే పెద్దావిడ 61 ఏళ్ళ రిటైర్డ్ టీచరు. అందరికంటే చిన్నవాడు 23 ఏళ్ళ కుర్రాడు. హెల్మెట్ మీద కెమెరా పెట్టుకుని వచ్చాడు. వాడెప్పుడూ అందరికంటే ముందుండాలి! మా వెనకాల ఒక వ్యాను వస్తూ వుంటుంది. అలిసిపోయినవాళ్ళు సైకిలు దాని నెత్తిన పడేసి ఎక్కేయొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు.

ఈక్వెడార్ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే కాస్తే పెద్దది. దేశం పేరుకే భూమధ్యరేఖ అని అర్థం. భూమధ్యరేఖ అంటే ఎండలు మండిపోతాయనుకుంటాం కదూ? రాజధాని కీటోలో దిగేసరికి స్వెట్టరు వెతుక్కున్నాను. సముద్ర మట్టానికి 2,850 మీటర్ల ఎత్తున వున్న నగరం అది. మన హీరో హీరోయిన్లు ఏళ్ళ తరబడి డ్యూయెట్లు పాడుకున్న ఊటీ కంటే ఆరొందల మీటర్లు పైన! మొదటి రెండు రోజులు మా గైడు సైకిలు ముట్టుకోనివ్వలేదు. నడవండి, నీళ్ళు తాగండి, సూపు తాగండి అన్నాడు. ఆ సూపు పేరు లోక్రో. బంగాళదుంపలు, జున్నుముక్కలు వేసి చిక్కగా కాస్తారు. అన్నట్టు, బంగాళదుంప పుట్టిల్లు బెంగాలు కాదు, ఈ ఆండీస్ కొండలే.

మూడోనాడు కోటపాక్సి. 5,897 మీటర్ల అగ్నిపర్వతం. నెత్తిన మంచు, కడుపులో నిప్పు. 2015లోనూ, మళ్ళీ 2022-23లోనూ బూడిద కక్కింది. వ్యాను మమ్మల్ని నాలుగున్నర వేల మీటర్ల పైచిలుకు ఎత్తుకు తీసుకెళ్ళి వదిలింది. అక్కణ్ణించి అంతా దిగుడే. దిగుడంటే హాయి అనుకోకండి! అగ్నిపర్వతపు బూడిద, గులకరాళ్ళు కలిసిన బాట. బ్రేకు మీద వేళ్ళు వున్నాయో లేదో తెలియనంత చలి. కుర్రాడు రయ్యిమని దూసుకుపోయాడు. టీచరుగారు మాత్రం ప్రతి మలుపులో ఆగి, చుట్టూ చూసి, మళ్ళీ కదిలేది.

కిందికొచ్చాక కనిపించేది మోకాలెత్తు గడ్డి మైదానం. దీన్ని పారమో అంటారు. చూడ్డానికి ఎండుగడ్డిలా వుంటుంది గానీ, మంచునీ వాననీ స్పాంజిలా పీల్చుకుని కొద్దికొద్దిగా వదులుతుంది. కీటో నగరం తాగే నీళ్ళు చాలావరకు ఇలాంటి గడ్డి పుణ్యమే. ఆ మైదానంలో ఎవరి కట్టుబాటూ లేని గుర్రాలు మేస్తుంటాయి. మన పాత జానపద చిత్రాల దర్శకులెవరైనా చూసుంటే అక్కడే సెట్టు వేసేసేవారు!

ఈ కొండల్లో సైకిలంటే ఎంత మోజో చెప్పాలంటే రిచర్డ్ కరపాస్ పేరెత్తాలి. కొలంబియా సరిహద్దు దగ్గర, కార్చి అనే కొండ జిల్లాలో పుట్టిన రైతుబిడ్డ. 2019లో ఇటలీ దేశపు మహా సైకిల్ పందెం ‘జిరో’ గెలిచాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో రోడ్డు పందెంలో బంగారు పతకం తెచ్చాడు. అంతకుముందు ఒలింపిక్స్ చరిత్ర మొత్తంలో ఈక్వెడార్‌కి దక్కిన బంగారు పతకం ఒక్కటంటే ఒక్కటే, 1996లో, నడక పందెంలో. దోవలో చిన్నపిల్లలు మమ్మల్ని చూసి చేతులూపుతూ “కరపాస్! కరపాస్!” అని అరుస్తుంటే, రొప్పుతున్న నాకు కూడా ఓ క్షణం కాలరు ఎగరెయ్యాలనిపించింది.

చింబొరాసో చుట్టుపక్కల ఎక్కేరోజున కుర్రాడి పని అయిపోయింది. నాలుగు వేల మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు. గైడు మారుమాట లేకుండా వ్యానెక్కించి కిందికి పంపేశాడు. అంత ఎత్తులో తొందరపడితే కండబలం పనికిరాదు. టీచరుగారు ఒకటో గేరులో, చంటిపిల్లలు నడిచినంత నెమ్మదిగా పైకొచ్చింది. ఆ చింబొరాసో (6,263 మీటర్లు) సంగతి ఒకటి చెప్పాలి. సముద్ర మట్టం నుంచి కొలిస్తే ఎవరెస్టే ఎత్తు. భూమి నడిబొడ్డు నుంచి కొలిస్తే మాత్రం చింబొరాసో శిఖరమే అందరికంటే దూరం, ఎవరెస్టు కంటే రెండు కిలోమీటర్లు ఎక్కువ. భూమి నడుం దగ్గర కాస్త లావుగా వుండటం వల్ల వచ్చిన తిరకాసు ఇది.

తర్వాత బాన్యోస్ నుంచి అమెజాన్ అడవుల వైపు దిగుడు. పక్కన లోయలో పస్తాసా నది, అడుగడుక్కీ జలపాతాలు. మన కెమెరామెన్ ఇక్కడికింకా ఎందుకు రాలేదో నాకర్థం కాలేదు.

అక్కడితో కొండల కథ అయిపోయింది. మా సైకిళ్ళు కూడా ఆగిపోయాయి. దీవులకి వెళ్ళేది విమానంలో, అక్కడ తొక్కేది అద్దె సైకిళ్ళు. తీరం నుంచి పడమటికి వెయ్యి కిలోమీటర్లు, నడి సముద్రంలో గాలపాగోస్. ఆ మాటకి స్పానిష్‌లో తాబేళ్ళనే అర్థం. 1835లో డార్విన్ ఐదు వారాలు తిరిగిన దీవులివే. ‘మాస్టర్ అండ్ కమాండర్’ (2003) చూశారా? రస్సెల్ క్రో ఓడ కెప్టెన్. ఆ దీవుల్లో షూటింగు జరుపుకున్న మొట్టమొదటి కథాచిత్రం అదే.

విమానం ఎక్కేముందే సామాన్లన్నీ తనిఖీ చేశారు. పండు, విత్తనం, మట్టి, ఏదీ పోకూడదు. దిగాక మనిషికి 200 డాలర్లు రుసుం. 2024 ఆగస్టు దాకా అది వందే. మావాళ్ళు కొందరు గొణిగారు. నాకు మాత్రం న్యాయమే అనిపించింది. 2023లో అక్కడికొచ్చిన యాత్రికులు మూడు లక్షలు దాటారు. కాపురం వుండేవాళ్ళు సుమారు ముప్ఫై వేలు! దీవుల్ని కాపాడే డబ్బు తెచ్చేదీ మనమే, దీవులకి బరువయ్యేదీ మనమే. ఈ ముడి ఎవరూ విప్పలేదు. రుసుం పెంచడమే ప్రస్తుతానికి వాళ్ళ చేతిలో వున్న బ్రేకు.

శాంతా క్రూజ్ దీవిలో, అద్దాల వెనక ‘లోన్‌సమ్ జార్జి’ని చూశాం. పింటా దీవి తాబేళ్ళలో చిట్టచివరివాడు. ఓడల వాళ్ళు తాబేళ్ళని తిండికోసం ఎత్తుకుపోయారు. మనుషులు వదిలిన మేకలు మిగిలిన పచ్చగడ్డి మేసేశాయి. 1971లో దొరికాడు జార్జి. నలభై ఏళ్ళు జోడీ కోసం వెతికారు. దగ్గరి జాతి ఆడతాబేళ్ళని తెచ్చి పక్కన పెట్టారు. అవి పెట్టిన గుడ్లు పొదగలేదు. 2012 జూన్ 24న పోయాడు. ఆ రోజుతో పింటా తాబేలు జాతే తీరిపోయింది. చలవ గదిలో, మసక వెలుతురులో, మెడ నిక్కించి నిలబెట్టారు. కుర్రాడు కెమెరా కట్టేశాడు.

జార్జిది విషాదాంతమైతే, డియేగోది సూపర్‌హిట్టు! ఎస్పన్యోలా దీవిలో ఒకప్పుడు మిగిలింది పన్నెండు ఆడవి, రెండు మగవి. అమెరికాలోని శాన్ డియేగో జూ నుంచి ఈ మూడో మగాణ్ణి తెచ్చారు. ఆ తర్వాత పిల్లలే పిల్లలు. డియేగో సంతానం ఎనిమిది వందల దాకా వుంటుందని ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. 2020 జూన్‌లో ముసలి హీరోని సొంత దీవికి సాగనంపారు. అయితే రక్త పరీక్షల్లో తేలిందేమిటంటే, పుట్టిన పిల్లల్లో డియేగోవి నూటికి నలభయ్యే! మిగతా అరవై దాదాపుగా పేరైనా లేని ఇంకో మగ తాబేలువి. దానికి ఒక నంబరే వుంది. పోస్టరు మీద బొమ్మ ఒకరిది, కష్టం ఇంకొకరిది. ఇది మన పరిశ్రమకి కొత్త సంగతా చెప్పండి?

ఇసబెలా దీవిలో విల్యమీల్ వూరి నుంచి ‘కన్నీళ్ళ గోడ’ దాకా తొక్కాం. 1940లలో ఇక్కడ ఖైదీల శిబిరం వుండేది. కణకణలాడే లావా రాళ్ళు మోయించి వాళ్ళ చేత ఓ గోడ కట్టించారు. దేనికీ అడ్డం లేని, దేన్నీ మొయ్యని వుత్త గోడ. శిబిరం 1959లో మూతపడింది. గాలపాగోస్‌ని జాతీయ పార్కుగా ప్రకటించింది కూడా ఆ యేడాదే.

ఆ బాట మీదే పెద్ద తాబేలు ఎదురైంది. బాటకి అడ్డంగా, నింపాదిగా. రెండు మీటర్ల లోపుకి ఎవరూ వెళ్ళకూడదని అక్కడి నియమం. పధ్నాలుగు సైకిళ్ళూ ఆగాయి. ఓ అడుగు వేసింది. ఆగింది. పక్కనున్న ఆకు కొరికింది.

“పక్క నుంచి పోదామా?” అన్నాడు కుర్రాడు.

“బాబూ, దీని వయసు మనకి తెలీదు. నాకంటే పెద్దదే అయుండొచ్చు. పెద్దవాళ్ళు రోడ్డు దాటుతుంటే ఆగవా?” అంది టీచరుగారు.

గైడు నవ్వి సైకిలు స్టాండు వేశాడు. కుర్రాడు హెల్మెట్ తీసి, బాట పక్క చతికిలబడ్డాడు. అది దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. టూరు మొత్తంలో వాడు అంతసేపు కదలకుండా కూచోవడం నేను చూసింది అదొక్కసారే.

వెళ్ళాలనుకునే వాళ్ళకి ఒక మాట. 2024 జనవరిలో ఆ దేశ ప్రభుత్వం ముఠాల మీద యుద్ధమే ప్రకటించింది. తీరప్రాంతపు నగరాల్లో జాగ్రత్త అవసరం. బయల్దేరే ముందు పరిస్థితి కనుక్కోండి. డబ్బు సంగతి సరే సరి, అక్కడ 2000 సంవత్సరం నుంచి చెల్లేది అమెరికా డాలరే.

చివరి మజిలీ శాన్ క్రిస్టోబల్. రేవు నుంచి ఎల్ హుంకో చెరువు దాకా అంతా ఎక్కుడే. దీవుల్లో మంచినీటి చెరువులు బహు అరుదు. సముద్రం మీద తిరిగే ఫ్రిగేట్ పక్షులు రెక్కల ఉప్పు కడుక్కోవడానికి ఇక్కడికొస్తాయి. మేం కూడా చెమట ఉప్పుతోనే చేరాం గానీ, మాకు దిగడానికి అనుమతి లేదు. సాయంత్రం రేవుకి తిరిగొచ్చేసరికి కాళ్ళు పీకుతున్నాయి. సముద్రం ఒడ్డున బెంచీలు వరసగా వున్నాయి. ఒక్కో బెంచీ మీద ఒక్కో సీలయన్ నిండా పరుచుకుని గురక పెడుతోంది. ఏ ఒక్కటీ లేచే సూచన కనబడలేదు. నిలబడే ఐస్‌క్రీం తిన్నాం.